రాయికి మన పేరు, చదువులో మనమెక్కడ?
(కోటవురట్ల సభలో ప్రసంగ పాఠం)



మన తూర్పు కనుమల్లో విరివిగా దొరికే రాయి ఖోండలైట్. 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త ఖోండుల పేరు మీద ఆ పేరు పెట్టాడు. ఏ దేశపు పుస్తకం తెరిచినా మనవాళ్ల పేరే. మరి ఆ రాయిని చదివినవాళ్లు మనలో ఎంతమంది?

ఆనర్స్‌లో భూభౌతిక శాస్త్రమంటే రాళ్ల పేర్లు బట్టీ పట్టడం కాదు. మీరు చదివిన ఓమ్ నియమమే. నేలలో వరసగా నాలుగు కడ్డీలు పాతి, బయటి రెండింటితో కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. కడ్డీలు దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. నీరున్న రాయి కరెంటును పోనిస్తుంది, గట్టి రాయి అడ్డుకుంటుంది. బోరు కోసం కొబ్బరికాయ పట్టుకుని తిరగడం కంటే నయమే. అయితే బంకమట్టి కూడా నీరున్నట్టే మోసం చేస్తుంది. ఆ తేడా పట్టడానికే అన్నేళ్ల చదువు.

ఖోండలైట్ శిథిలమైన చోటే మన కొండల మీద బాక్సైట్ ఏర్పడింది. దాని నివేదికలు గ్రామసభకు వస్తే చదివి చెప్పే మనిషి మన ఊళ్లోనే ఉండాలని మా కోరిక.

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోండి, డిగ్రీలో ఫిజిక్స్, లెక్కలు వదలొద్దు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జియోఫిజిక్స్ విభాగం ఉంది. హైదరాబాద్‌లో 1961 నుంచి ఎన్‌జీఆర్‌ఐ ఉంది. ఎమ్మెస్సీ అయ్యాక యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు. కాలిక్యులస్ బెదిరిస్తుంది, అబద్ధం చెప్పం. అక్కడ ఆగిపోయినవాళ్లు ఈ సభ అయ్యాక మమ్మల్ని కలవండి, లెక్కలు చెప్పేవాళ్లను మేం చూస్తాం.