పాడితే సంగీతం కాదా?



ఇంజనీరుకి సంగీతం గొడవ ఎందుకని కొందరు నవ్వుకుంటున్నారు. ఈ అంశం నేనే అడిగి తీసుకున్నాను. నలభై ఏళ్ల బాకీ ఒకటుంది.

1984లో మేం పదో తరగతి. బళ్లో హార్మోనియం నాది, తబలా ఇంకొకడిది. రోజూ ప్రార్థన పాడేది మా క్లాసమ్మాయే. వార్షికోత్సవంలో సంగీతం బహుమతులకు పేర్లు రాసిమ్మని మాస్టారు నాకు చెప్పారు. నా పేరూ, తబలావాడి పేరూ రాశాను. “మరి ఆ అమ్మాయో?” అన్నారు. “ఆ అమ్మాయి పాడుతుందంతే కదండీ మాస్టారూ” అన్నాను. జాబితా అలాగే వెళ్లింది.

ఆ సాయంత్రం ఆమె పాట మధ్యలో నా హార్మోనియం మెట్టొకటి ఇరుక్కుపోయి ఒకటే స్వరం గీపెట్టింది. భయపడి తిత్తి వదిలేశాను. ఆమె ఆగలేదు. తబలా ఒక్కటే తోడుగా చరణమంతా పాడి పల్లవికొచ్చింది. ఈలోగా నేను మెట్టు పైకి లాగి మళ్లీ అందుకుంటే, ఆమె సరిగ్గా అదే శ్రుతిలో ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. అయినా నాకు బుద్ధి రాలేదు, అది వేరే సంగతి.

చాలా ఏళ్లకు తెలిసింది: ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి, మూడు దశాబ్దాలు దూరం పెట్టింది. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారే గమకం దాని మీద పలకదని ఒక ఆక్షేపణ. గొంతులో అది పలుకుతుంది. రేడియో వాళ్లు గెంటేసిన పెట్టె ముందు కూర్చుని, నేను ఆ అమ్మాయికి సంగీతం లేదన్నాను!

మన కర్ణాటక సంగీతంలో అసలీ ప్రశ్నే లేదు. గాత్ర కచేరీలో నడుమ కూర్చునేది పాడేవారే, వయొలిన్ వారి వెంట నడుస్తుంది. సినిమా వచ్చాక ‘సంగీతం’ అని ఒకరి పేరూ, ‘గానం’ అని మరొకరి పేరూ వేయడంతో తేడా మన బుర్రల్లోకి ఎక్కిందనుకుంటాను. ఘంటసాల గారు రెండు చోట్లా ఉన్నారు. విజయనగరంలో సంగీతం చదివి, ‘మాయాబజార్’కి సంగీత దర్శకత్వం వహించారు. బాలు గారి సంగతే చిక్కు. అనంతపురంలో ఇంజనీరింగ్‌లో చేరిన మనిషి (అందుకే మావాడంటాం), శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోనివారు, ‘శంకరాభరణం’తో జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆయన్ని ఏ వరసలో కూర్చోబెడదాం?

పాడే ప్రతివారూ సంగీతజ్ఞులేనని నేననను. ఇవాళ తప్పిన శ్రుతిని కంప్యూటర్ సరిచేసి పెడుతోంది. కానీ నాకు మెట్టు నొక్కితే స్వరం వచ్చేసేది. గొంతులో మెట్లు లేవు. తన స్వరం తానే విని, పక్కకి జారితే అరక్షణంలో దిద్దుకోవాలి. ఆ సాయంత్రం ఆ పని చేసింది మా ముగ్గురిలో ఆమె ఒక్కతే.

ఈ సంచికలో పాత బహుమతుల పట్టిక వేస్తున్నారని తెలిసి, 1984 సంగీతం కింద ఆవిడ పేరు చేర్చమని కార్యదర్శి గారిని అడిగాను. సరేనన్నారు. ఆవిడ మూడో వరుసలో ఉన్నారు. అమ్మా, ఇన్నాళ్లకి చెబుతున్నాను, క్షమించండి. ముగింపు గీతం మీరే పాడాలి. హార్మోనియం నేను తేలేదు.