వేరుసెనగ బూజు, నెత్తురులోని లెక్క



అనంతపురపు మెట్టసీమలో వేరుసెనగ పండించి బ్రదికిన కుటుంబమువాడను నేను. వానలు ముఖము చాటుచేసిన యేడు మా యింట నొక యాచారముండెను. మంచికాయ మండీకి పోవును. ముడుతపడినవి, పగిలినవి, బూజు తగిలినవి ఇంట మిగులును. వానిలో కొన్ని వేయించి పిల్లలకు పెట్టెడివారము. తక్కినవి పశువులకు వేసెడివారము. కరవునాట పండిన గింజను పారవేయుటకు మనసొప్పెడిది కాదు. ఆ పొదుపునందలి ప్రమాదమును మీకు విన్నవించుటకే నేడు వచ్చితిని.

1960లో ఇంగ్లండునందు సుమారు లక్ష టర్కీకోళ్లు హఠాత్తుగా చచ్చినవి. కారణము వెదకగా, వాని మేతలో కలిపిన వేరుసెనగ చెక్కయందు బూజు పుట్టించిన విషమున్నట్లు తేలినది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. అట్టి చెక్కను మేపిన ఎలుకలకు కాలేయమున క్యాన్సరు పుట్టుటను 1961లో కనుగొనిరి.

ఈ విషము దేహములో నేమగును? దానిని వెలికి పంపుటకై కాలేయము దానిని మార్చును. ఆ మార్పులో పుట్టెడి యొక రూపము మొదటిదానికంటె తీక్ష్ణమైనది, తాకినదానిని పట్టుకొనును. అందు కొంత కాలేయకణములలోని డి.ఎన్.ఏ.కు అంటి క్యాన్సరునకు దారితీయును. కొంత నెత్తురులో తిరుగు ఆల్బుమిన్ అను మాంసకృత్తునకు అంటును. ఆల్బుమిన్‌లోని లైసిన్ అను భాగమునకు ఇది అతుకునని 1987లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల నెత్తురునుండి వేరుచేసి చూపిరి. కర్మాగారములలో వాడెడి ఇథిలీన్ ఆక్సైడు అను విషవాయువును ఇట్లే ఎలుకల నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు అతుకును.

అతికిన విషము సాధారణముగా ఆ మాంసకృత్తు నశించువరకు దానితోనే యుండును. ఎలుకలో ఆల్బుమిన్ కొలది దినములలో మారిపోవును. మనుష్యునిలో సగము మారుటకు సుమారు 20 దినములు పట్టును. కావున అంగడివాని చిట్టావలె మన నెత్తురు గడచిన కొన్ని వారముల తిండిని వ్రాసి యుంచును. గింజలో కంటికి కనబడని విషమును ఆ చిట్టాలో చదువవచ్చును.

ఇది దూరదేశపు మాట కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించిరి. వారికి కామెర్లు తోచి, పొట్ట నీరుపట్టెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆ వ్యాధిని పరిశోధించిరి.

మన సీమలో పంట చివర బెట్ట పట్టినప్పుడు ఈ బూజు కాయలో చొచ్చును. కావున పక్వమైన కాయను ఆలస్యము చేయక పెరుకుడు, గలగలలాడునట్లు ఎండబెట్టుడు. ఒలుచుటకై కాయలపై నీళ్లు చల్లకుడు. పగిలినవానిని, రంగుమారినవానిని ఏరి పారవేయుడు. వేయించినను ఈ విషము పూర్తిగా పోదు. గానుగ ఆడించినచో చాలవరకు చెక్కలో నిలుచును. ఆ చెక్క తిన్న ఆవు పాలలోనికిని కొంత వచ్చును. ఆ పాలు త్రాగువారు మన పిల్లలే.

మా యింటి యాచారమును నేను మాన్పించితిని. మీ యిండ్లను మీరును మాన్పింపుడని వేడుకొనుచున్నాను.