మౌస్ పక్కన పెట్టి చూడండి



పట్టాలు అందుకునే యువ ఇంజినీర్లకు ఈ వేదిక మీద నిలబడ్డవాళ్లు పెద్ద కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. నేను ఒక చిన్న పని గురించి చెప్పి కూర్చుంటాను. మీలో చాలామంది రేపో మాపో వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసే ఉద్యోగాల్లో చేరతారు. మీరు కట్టే ఆ పేజీలను చెవులతో చదివేవాళ్లు ఉన్నారు. ఈ నాలుగు మాటలు వాళ్ల గురించే.

చూపు లేనివారికి కంప్యూటరులో స్క్రీన్ రీడర్ ఉంటుంది. తెర మీద ఉన్నదాన్ని అది చదివి వినిపిస్తుంది. వాళ్లు ట్యాబ్, బాణం వంటి కీలతోనే పేజీ అంతా తిరుగుతారు. అలవాటైనవాళ్లు పెట్టుకునే వేగానికి పక్కనున్న మనకు ఒక్క ముక్క అర్థం కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ ఎన్‌వీడీఏ అనే రీడర్ రాయడం మొదలుపెట్టాడు. జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ అంధులే. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తెలుగు కూడా చదువుతుంది. వాళ్ల వంతు వాళ్లు చేశారు.

మన వంతు ఎలా ఉందో వినండి. ఒక టికెట్ల సైటు అనుకోండి. ట్యాబ్ నొక్కితే రీడర్ ‘బటన్’ అంటుంది. మళ్లీ నొక్కితే మళ్లీ ‘బటన్’. వెతకడానికా, రద్దు చేయడానికా? తెర మీద భూతద్దం, చెత్తబుట్ట బొమ్మలు ఉన్నాయి. కోడులో వాటికి పేర్లే లేవు. తర్వాత ఒక గడి. ‘ఎడిట్, ఖాళీ’ అంటుంది. పేరు రాయాలా, ఫోన్ నంబరా? తప్పు రాస్తే గడి చుట్టూ ఎర్రగీత వస్తుంది, చెవికి ఎరుపు ఎలా తెలుస్తుంది? ప్రయాణ తేదీ క్యాలెండరు కీబోర్డుకు లొంగదు. ఇవన్నీ దాటొస్తే క్యాప్చా. వంకర అక్షరాలు చూసి చెబితేనే మనిషని ఒప్పుకుంటుంది. ఈలోగా సెషన్ ముగిసిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి.

వీటిలో ఒక్కటీ మీకు చేతకాని పని కాదు. డివ్‌కు క్లిక్ తగిలించి బటన్‌లా కనిపించేలా చేసే బదులు బటన్ ట్యాగే వాడండి. బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్, గడికి లేబుల్ రాయండి. తప్పు ఏమిటో మాటల్లో చెప్పండి. గడువు పెంచుకునే వీలివ్వండి. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ఇలాంటి మార్గదర్శకాలను మొదటిసారి 1999లో ప్రకటించింది. మీలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు.

అదే ఏడాది సిడ్నీ ఒలింపిక్స్ సైటు మీద బ్రూస్ మగ్వైర్ అనే అంధుడు ఆస్ట్రేలియా మానవ హక్కుల సంఘానికి ఫిర్యాదు చేశాడు. బొమ్మలకు ఆల్ట్ టెక్స్ట్ లేదు, ఫలితాల పట్టికలు చదవడానికి వీల్లేదు. సరిచేయాలంటే 20 లక్షల డాలర్లకు పైగా అవుతుందని నిర్వాహకులు వాదించారు. అంత ఖర్చు అక్కర్లేదని నిపుణులు తేల్చారు. 2000 ఆగస్టులో తీర్పు మగ్వైర్ వైపు వచ్చింది. చెప్పిన మార్పులు పూర్తిగా చేయనందుకు నిర్వాహకులు 20 వేల డాలర్ల పరిహారం కూడా కట్టాల్సి వచ్చింది. ఇల్లంతా కట్టేశాక మెట్లకు చోటు వెతికితే ఇలాగే ఉంటుంది. ‘ముందు రిలీజ్ చేద్దాం, అది తర్వాత చూద్దాం’ అని మీ ఆఫీసులో ఎవరైనా అంటే ఈ కేసు గుర్తుచేయండి.

మన తెలుగులో ఇంకో చిక్కు ఉంది. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల కోడ్ల మీద తెలుగు ఆకారాలు పెట్టాయి. కంటికి చక్కని తెలుగు. రీడర్ చదివితే అర్థం లేని ఇంగ్లిషు అక్షరాల గోల. ఇక కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే అది ఒట్టి ఫొటో, రీడర్‌కు అందులో ఒక్క అక్షరమూ దొరకదు. ఒక ఉద్యోగ ప్రకటన అలా పెడితే, ఆ ఉద్యోగానికి అర్హుడైన అంధ యువకుడు ఇంకొకరిని బతిమాలి చదివించుకోవాలి. యూనికోడ్‌లో టైపు చేసి అదే ఫైలు పెడితే ఆ అవసరం రాదు.

ఇదంతా జాలితో చేసే పని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి సేవలు అందుబాటులో ఉండడాన్ని హక్కుగానే రాసింది. గుర్తింపు ధ్రువీకరణ (కేవైసీ) కోసం కెమెరా ముందు కన్నార్పమంటే ఎలా అని యాసిడ్ దాడి బాధితులు, ఒక అంధ న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న కోర్టు తేల్చి చెప్పింది.

అందుకే ఒక్క కోరిక. ఉద్యోగంలో మీ మొదటి పేజీ పూర్తయిన రోజున మౌస్ పక్కన పెట్టండి. మానిటరు ఆపేసి, ఎన్‌వీడీఏ పెట్టుకుని, లాగిన్ నుంచి చెల్లింపు దాకా పని పూర్తిచేసి చూడండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ సరిచేయండి. మీ బృందంలోకి చూపు లేని టెస్టర్లను జీతమిచ్చి తీసుకోమని పట్టుబట్టండి. వాళ్లు ఎవరి సాయమూ లేకుండా వాడగలిగిన రోజునే మీ పని పూర్తయిందని చెప్పుకోండి.