ఆదివారపు రోస్టు, రెండు పథ్యములు

(మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వంటను గూర్చి మాటలాడవలెనని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. ఈ వేదికపై భాషను గూర్చి, బడులలో తెలుగు బోధనను గూర్చి ప్రసంగించినవారు పెక్కురు కలరు. మాంసపు వంటను గూర్చి ప్రసంగించినవారు మాకు జ్ఞాపకము లేరు. అయినను నేడు మన యిండ్లలో ఆదివారపు భోజనమే ఒక చిక్కై కూర్చున్నది. ఒక్క పంక్తిలోనే తాతకు మధుమేహము, మనుమనికి గోధుమ పడదు, కోడలు బరువు తగ్గుటకై అన్నము మానినది. ఒక పొయ్యిపై మూడు వంటలు సాగుచున్నవి. వంట చేయువారి శ్రమ ఒక యెత్తు. పిల్లవాని కంచమును పంక్తి నుండి తీసి వేరుగా ఒక మూల పెట్టుట మరియొక యెత్తు. మా యింట అది జరిగినది. దానిని సరిదిద్దుకొనుటకు మాకు రమారమి ఒక సంవత్సరము పట్టినది. ఆ సంగతియే మనవి చేసికొందుము.

మా యింటి ఆదివారపు వంట రోస్టు. ఇది మన పూర్వులు చిత్తూరు నుండి గాని, అనంతపురము నుండి గాని మూటగట్టుకొని తెచ్చినది కాదు. 1809లో ఆంగ్లేయుల సేన శ్రీరంగపట్టణమును విడిచి ఈ యూర దండు దిగినది. దొరల బంగళాలలో పుట్టిన ఆ వంట మెల్లగా దండు వీధులలోని కుటుంబముల పొయ్యిలపైకి వచ్చినది. వచ్చునప్పుడు మిరియము, అల్లము, వెల్లుల్లి, దాల్చినచెక్క దానితో చేరినవి. దొరల ఇనుప పొయ్యి లేనివారు మందపాటి దబరా మూతపై నిప్పులు పోసి పై సెగ కల్పించుకొనిరి. మా అవ్వ కళాయి పూసిన ఇత్తడి దబరాలో ఉదయము ఎనిమిది గంటలకు మాంసము పెట్టి, ప్రార్థనకో మార్కెట్టుకో పోయి, పండ్రెండు గంటలకు వచ్చి మూత తీసెడిది.

దండులోని మన క్రైస్తవ కుటుంబములలోను, మరి కొందరి యిండ్లలోను రోస్టనగా గొడ్డుమాంసమే. ఇతరుల యిండ్లలో పొట్టేలు భుజమో, తొడయో. 2020 నాటి కర్ణాటక శాసనము ననుసరించి ఆవు, ఎద్దు, దూడల వధ నిషిద్ధము. 13 సంవత్సరములు దాటి, అధికారి ధ్రువపత్రము పొందిన గేదెలకు మాత్రమే మినహాయింపు కలదు. కనుక నేడు ఈ యూర న్యాయముగా లభించు పెద్ద మాంసము ముసలి గేదెది. అది ముదురు, నిదానముగా వండినగాని లొంగదు. ఎవరి యింటి ఆచారము వారిది. మేము చెప్పబోవు పద్ధతి పొట్టేలుకును, గేదెకును సమానమే; కాలపరిమితి యొక్కటే మారును.

ఇక పథ్యముల మాట. పిండిపదార్థము తగ్గించుట, గోధుమ మానుట అను రెండింటిని మన యిండ్లలో ఒకే పథ్యముగా తలచుచున్నారు. మేమును తలచితిమి. మా తప్పులన్నియు అందుండియే పుట్టినవి.

గోధుమ, బార్లీ, రై ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. సీలియాక్ వ్యాధి కలవారికి అది చిన్నప్రేగు లోపలి పొరను పాడుచేయును, తిన్న తిండి ఒంట పట్టదు, బిడ్డలు ఎదుగరు. ఈ వ్యాధికి గోధుమ కారణమని నిరూపించినవాడు డిక్కె అను డచ్చి బాలవైద్యుడు. ఆయన చాలకాలముగా గోధుమను అనుమానించుచుండెను. 1944–45 శీతకాలమున హాలెండులో కరవు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ వ్యాధిగల బిడ్డలు తేరుకొనిరి. రొట్టె మరల వచ్చినంతనే మరల జబ్బుపడిరి. 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథమున ఈ విషయమును స్థాపించెను. గోధుమ తిను ఉత్తరదేశముకంటె మన దక్షిణమున ఈ వ్యాధి చాల తక్కువ. తక్కువ కనుకనే వైద్యులకును, ఇంటివారికిని వెంటనే స్ఫురించదు.

మధుమేహము సంగతి వేరు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వేక్షణ ప్రకారము దేశమున పది కోట్లకు పైబడి మధుమేహులు కలరు. వారికి ఒక చిటికెడు గోధుమపిండి విషము కాదు. కంచములో పడు మొత్తము పిండిపదార్థమే లెక్క.

ఈ భేదమును రోస్టులోనే చూడుడు. పాత పద్ధతిలో మాంసమును మైదాలో పొర్లించి వేయింతురు, పులుసు చిక్కబడుటకు మరికొంత మైదా కలుపుదురు. మొత్తము మూడు గరిటెలు, అనగా 25 గ్రాములు అనుకొందము. ఎనిమిది మందికి పంచినచో తలకు రెండు గ్రాముల పైచిలుకు పిండిపదార్థము. తాతకు అది లెక్కలోనిది కాదు. మనుమనికి మాత్రము వారము దినముల కడుపునొప్పి. అదే దబరాలోని అరకిలో బంగాళాదుంపలలో సుమారు 75 గ్రాముల పిండిపదార్థము కలదు. మనుమడు వానిని నిశ్చింతగా తినవచ్చును, తినవలెను కూడ. ఎదిగెడు బిడ్డకు అన్నము, దుంప మాన్పించుట అన్యాయము. తాత మాత్రము వానిని చూచి చేయి వెనుకకు తీసికొనవలెను. మేమేమి చేసితిమనగా, మొదటి ఆరు నెలలు ఇద్దరికిని రెండును మాన్పించితిమి. పిల్లవాడు చిక్కిపోయెను. వైద్యురాలు మమ్ము మందలించెను.

తరువాత మైదా మానితిమి, రొట్టె మానితిమి. అయినను ఆదివారము గడచిన మరునాడు పిల్లవానికి కడుపునొప్పి తప్పలేదు. దోషము ఎక్కడ నున్నదో తెలియక మాంసమునే అనుమానించి, వానికి పప్పన్నము వేరుగా పెట్టి, కంచము మూలకు చేర్చితిమి. అప్పుడును పూర్తిగా తగ్గలేదు. చివరకు ఒకనాడు వంటయింటిలోని సీసాలు, డబ్బీలు అన్నియు బల్లపై పేర్చి, భూతద్దముతో చీటీలు చదివితిమి. రోస్టునకు నలుపురంగు నిచ్చుటకు వేయు సోయా సాసులో గోధుమ కలదు. మాల్ట్ వినిగరు బార్లీ నుండి తీసినది. పప్పు తిరగమాతలో వేసిన పొడి ఇంగువలో సగము పైగా గోధుమపిండియే! ఇంగువ చెట్టు పాలు మిక్కిలి ఘాటు గనుక దానిని పిండితోను బంకతోను కలిపి అమ్ముదురు. కొందరు బియ్యపు పిండి కలుపుదురు గాని, చదివి చూచినగాని తెలియదు. వేరుగా పెట్టిన పప్పన్నమే పిల్లవానికి కీడు చేయుచుండెను. ఆ దినము మాకు కలిగిన సిగ్గు ఇంతింత కాదు.

మరియొకటి మిగిలినది. మా అవ్వ నాటినుండి మూత చుట్టు గోధుమపిండి ముద్దతో మూసి ఆవిరి పోకుండ చేయుట మా యింటి వాడుక. ఆ ముద్దను ఎవరును తినరు కదా అని దానిని తలచుకొననే లేదు. మూత తీయునప్పుడు ఆ పెంకులు విరిగి పులుసులో పడుచుండెను. ఇప్పుడు రాగిపిండి ముద్దతో మూయుచున్నాము.

ఇక పద్ధతి. ఎనిమిది మందికి ఎముకతో కూడిన భుజము ఒకటిన్నర కిలో తెండు. మెత్తని ముక్కలకంటె భుజము, మెడ, కాలి పిక్క శ్రేష్ఠము. ఈ భాగములందలి నరములు, పొరలు సన్నని సెగపై గంటల తరబడి ఉడికి జిగురుగా మారును. ఆ జిగురే పులుసును చిక్కపరచును. మైదా చేయు పనిని మాంసము తానే చేయును. తొందరపడి పెద్ద మంట పెట్టినచో మాంసము బిగిసి, నీరు పలుచగా మిగులును. అప్పుడే మైదా అవసరము కలుగును. మైదా వాడుక చాలవరకు తొందరకు ప్రాయశ్చిత్తమని మా అభిప్రాయము.

ముందు రాత్రియే ఉప్పు, మిరియపు పొడి పట్టించి ఉంచుడు. ఉదయమున గుడ్డతో తడి లేకుండ అద్దుడు. తడి యున్నచో మాంసము ఉడుకును గాని ఎఱ్ఱబడదు. పిండిలో పొర్లించుట ఈ తడిని పీల్చుటకే గనుక గుడ్డ ఉన్నచోట పిండితో పనిలేదు. వేరుసెనగ నూనెలో అన్ని ప్రక్కల ముదురు రంగు వచ్చువరకు పావుగంట వేయించి తీయుడు. అదే నూనెలో నాలుగు ఉల్లిగడ్డలు, అల్లము, వెల్లుల్లి, దాల్చినచెక్క, లవంగములు, రెండు చెంచాల మిరియములు, నాలుగు బ్యాడగి మిరపకాయలు వేయించుడు. నాలుగు ఉల్లిగడ్డలలో నలుబది గ్రాముల పిండిపదార్థము ఉండునేమో. తలకు ఐదు గ్రాములు, దానికి భయపడవలదు. మాంసమును మరల పెట్టి, సగము మునుగునంత నీరు పోసి, వినిగరుకు బదులు కొంచెము చింతపండు రసము చేర్చి మూత మూయుడు. పొట్టేలుకు రెండున్నర నుండి మూడు గంటలు. గేదెకు నాలుగు గంటలు. ఎముక చేతికి వదులుగా వచ్చినచో అయినట్లు. ప్రెషరు కుక్కరులో ముప్పాతిక గంటలో ఉడుకును గాని నీరు ఎక్కువ మిగులును. తరువాత మూత లేకుండ ఇగిర్చుకొనవలెను.

మాంసము తీసి కొంతసేపు ఆరనిండు. పైన తేలు కొవ్వును గరిటెతో తీసివేసి, పులుసును సగమునకు ఇగిర్చుడు. ఇంకను పలుచగా తోచినచో అందలి ఉల్లిగడ్డలనే మెత్తగా నూరి కలుపుడు, లేదా రెండు చెంచాల గసగసాలు, కొంచెము కొబ్బరి నూరి వేయుడు. గసగసాలతో పులుసు చిక్కపరచుట మన తల్లులు మనకు నేర్పిన విద్య. దొరల వంటకు మన మందు సరిపోయినది. మొక్కజొన్న పిండి వలదా అని అడిగిరి. గోధుమ పడనివారికి అది పనికివచ్చును. ఇక్కడ మాత్రము దాని అవసరమే లేదు.

బంగాళాదుంపకు బదులు ఏమి వేయవలెను? ముల్లంగి, నవిలుకోసు మంచివే. అన్నిటికంటె మాకు నచ్చినది సీమవంకాయ. మన బంధువులు ఆంధ్రదేశమున దీనిని బెంగుళూరు వంకాయ యందురు. నిజమునకు ఇది మెక్సికో దేశపు కాయ, వంకాయ జాతిది కానేకాదు; అయినను మన యూరి పేరు మోయుచున్నది గనుక మన రోస్టులో దానికి చోటు ఇచ్చుట న్యాయము. బంగాళాదుంపలోని పిండిపదార్థములో ఇందున్నది సుమారు మూడవ వంతు. చివరి అరగంటలో పెద్ద ముక్కలుగా వేసినచో పులుసు పీల్చి, చితికిపోక నిలుచును. మనుమనికి దుంపలు వేరుగా ఉడికించి అదే పులుసు పోసినచో చాలును.

రాగిసంగటిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. దీనిపై మా మాట కొందరికి రుచింపదు. రాగి మధుమేహమునకు మందని మన యిండ్లలో పెద్దలు రెండేసి ముద్దలు తినుచున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ననుసరించి నూరు గ్రాముల రాగిలో 67 గ్రాముల పిండిపదార్థము కలదు; బియ్యములో 78. రాగిలో పీచు, సున్నపు ధాతువు ఎక్కువ. అది గొప్ప గుణమే. అయినను రెండు ముద్దలు రెండు ముద్దలే. తాతకు నిమ్మకాయంత సంగటి, కంచము నిండ తోటకూర, మూడు ముక్కల మాంసము. మనుమనికి మాత్రము సంగటి అమృతము, ఒక్క షరతుతో. పిండిమరలో మన రాగికి ముందు ఎవరి గోధుమలో విసరియుందురు. ఆ పిండి మన సంచిలోనికి వచ్చును. గ్లూటెన్ లేనిదని చీటీ వేయుటకు ఆహారమున కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని నియమము. మర అడుగున మిగిలిన గుప్పెడు పిండి దానిని ఎప్పుడో దాటును. మేము చిన్న యంత్రము కొని ఇంటనే విసరుకొనుచున్నాము.

మూడు హెచ్చరికలు. గోధుమ పడదేమోనని అనుమానమున్నవారు రక్తపరీక్షకు ముందే గోధుమ మానరాదు. మానినచో పరీక్షలో వ్యాధి కనబడదు. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు వైద్యునితో చెప్పకుండ అన్నము తగ్గించినచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. మూత్రపిండముల జబ్బు కలవారు మాంసము విషయమునను అడుగవలెను. మరియు, పిండిపదార్థము లేదు గదా యని దినదినము రోస్టు తినుట తగదు. ఎఱ్ఱని మాంసము వండిన తూకమున వారమునకు 350 నుండి 500 గ్రాములు మించవలదని ప్రపంచ క్యాన్సరు పరిశోధన నిధి సలహా. ఆదివారపు వంట ఆదివారమునకే ఉండుట మేలు.

ఇప్పుడు మా యింట దబరా ఒక్కటే. గరిటె ఒక్కటే. పిల్లవాడు తాత ప్రక్కన కూర్చుండి, తాతకు రాని దుంపలను ఆయనకు చూపి తినుచున్నాడు. తాత కోపము నటించుచున్నాడు.

సోదరీమణులలో ఎవరికైన తమ యింటి మసాలా డబ్బీలపై అనుమానమున్నచో వచ్చు ఆదివారము సాయంకాలము వానిని సంఘ కార్యాలయమునకు తీసికొనిరండు. మా భూతద్దమును మేము తెచ్చెదము, కూర్చుండి చదువుదము.