మృదంగం ఎవరిది?

(ఫిడేలు మేష్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం)



మేష్టారి పేరు మీద ఉపన్యాసం అంటే త్యాగరాజ కృతుల గురించో, ద్వారం వారి గురించో చెబుతాననుకుని వచ్చి ఉంటారు. కరపత్రంలో ‘అమెరికాలో నాలుగు తంత్రులు’ అని చూసి ఇద్దరు ముగ్గురు ఫోను చేసి, అచ్చుతప్పేమో చూడండి అన్నారు. అచ్చుతప్పు కాదు. ఈ విషయం నాకు అప్పజెప్పింది మేష్టారే.

చాలా ఏళ్ల కిందట కాలిఫోర్నియాలో ఉన్న మా మేనమామ కొడుకు నాకో క్యాసెట్టు పంపాడు. టర్టిల్ ఐలాండ్ స్ట్రింగ్ క్వార్టెట్ అని ఒక బృందం. మేష్టారింటి వరండాలో టేప్ రికార్డరు పెట్టి వినిపించాను. ఆయన పడక్కుర్చీలో కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, ఒక పక్క పూర్తిగా విన్నారు. తర్వాత కళ్లు తెరిచి ఒక్కటే అడిగారు: “మృదంగం ఎవరిదిరా?”

మృదంగం లేదు. డ్రమ్ములూ లేవు. రెండు ఫిడేళ్లు, ఫిడేలుకి అక్క లాంటి వయోలా, కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో. అంతే. ఆ మాట చెబితే మేష్టారు నమ్మలేదు. క్యాసెట్టు వెనక్కి తిప్పించి మళ్లీ విన్నారు. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇవాళ చెబుతాను. ఆలస్యమైంది, మేష్టారు క్షమించాలి.

నలుగురు కలిసి తీగ వాద్యాలు వాయించే ఈ క్వార్టెట్ పద్ధతిని పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో యూరప్‌లో హైడన్ అనే స్వరకర్త గట్టిపరిచాడు. మొదట్లో పై ఫిడేలుదే పాట, మిగతా ముగ్గురూ వెనక వంత. 1781 నాటి ఆరు క్వార్టెట్ల దగ్గరికి వచ్చేసరికి నలుగురికీ మాట దక్కింది. అయితే ఆ మాటలన్నీ కాగితం మీదివే. అప్పటికప్పుడు కల్పించి వాయించడం అక్కడి కచేరీల్లో ఆ తర్వాత వందేళ్లలో మెల్లగా అడుగంటింది. మనకు బాలుస్వామి దీక్షితార్ కాలంలో అదే ఫిడేలు చేతికొచ్చింది. మనం దాన్ని ఒళ్లోకి దించి, తల కాలి చీలమండ మీద ఆనించి, గమకాలు నేర్పి, పక్కవాద్యంగా కూర్చోబెట్టాం. గాయకుడు రాగం ఎత్తుకుంటే వెంటపడాలి, ఆయన ఆపితే అందుకోవాలి, స్వరకల్పనలో జవాబివ్వాలి. యూరప్ ఫిడేలు మరిచిపోయిన పనిని మన ఫిడేలు రోజూ చేస్తూ వచ్చింది. లయ బాధ్యత మాత్రం దాని మీద ఎప్పుడూ పడలేదు, పక్కనే మృదంగం ఉంటుంది కాబట్టి.

జాజ్‌లోకి ఫిడేలు వెళ్లినప్పుడు కూడా ఈ లయ దగ్గరే చిక్కొచ్చింది. 1920ల్లో అమెరికాలో జో వెనూటి ఫిడేలు వాయిస్తే ఎడీ లాంగ్ గిటారు లయ పట్టుకున్నాడు. 1934లో పారిస్‌లో స్తెఫాన్ గ్రాపెల్లీ, జాంగో రైన్‌హార్ట్ కలిసి పెట్టిన బృందం చూడండి: ఒక ఫిడేలు, మూడు గిటార్లు, ఒక బేస్. డ్రమ్ములు లేకుండా జాజ్ నడిపించిన గొప్పతనం వాళ్లది. కానీ లెక్కపెడితే ఒక్క ఫిడేలుని నడపడానికి వెనక ఎంతమంది గుంజుతున్నారో తెలుస్తుంది. రెండు గిటార్లు బండెద్దుల్లా అడుగు తప్పకుండా నడుస్తూ ఉంటే, ఫిడేలు బండి మీద కూర్చుని పాడుకుంటూ పోయింది. గ్రాపెల్లీ పాట ఎంత తియ్యగా ఉన్నా ఈ సంగతి దాచలేం.

1973లో సియాటిల్‌లో డేవిడ్ హారింగ్టన్ క్రోనస్ క్వార్టెట్ మొదలుపెట్టాడు. కొత్త సంగీతానికి వాళ్లు తెరిచినన్ని తలుపులు ఇంకెవరూ తెరవలేదు. 1985లో జాజ్ స్వరకర్త థెలోనియస్ మాంక్ పాటలు, మరుసటేడు బిల్ ఎవాన్స్ పాటలు రికార్డు చేశారు. ఆ రెండిట్లోనూ బేస్ వాయించడానికి బయటి నుంచి జాజ్ దిగ్గజాలను పిలిపించుకున్నారు. మాంక్‌కి రాన్ కార్టర్, ఎవాన్స్‌కి ఎడీ గోమెజ్. క్రోనస్ వాళ్ల భాగం రాసిపెట్టుకున్న అమరికే. అంటే ఇంకా పక్కవాద్యం కావాల్సి వచ్చిందన్నమాట.

సరిగ్గా ఆ 1985లోనే శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో డేవిడ్ బాలకృష్ణన్ అనే ఫిడేలు విద్వాంసుడు ఎం.ఏ. పరిశోధన కోసం క్వార్టెట్‌కు జాజ్ పద్ధతిలో రచనలు చేశాడు. ఆ రచనలు వాయించడానికి సమకూడిన బృందమే టర్టిల్ ఐలాండ్. ఇంటిపేరు చూసి మనవాడే అనిపిస్తుంది. తండ్రి వైపు భారతీయ మూలాలున్న మాట నిజమే. కానీ పెరిగింది హెండ్రిక్స్ గిటారు వింటూ. 2010లో ఆ హెండ్రిక్స్ పాటలతోనే ఒక ఆల్బం చేశాడు. బృందం పేరు గ్యారీ స్నైడర్ కవితా సంపుటి నుంచి వచ్చింది. తాబేలు వీపు మీద భూమి నిలిచిందనే అమెరికా ఆదివాసుల కథ దానికి మూలం. శ్రీకూర్మానికి ఇంత దగ్గర్లో ఉన్నవాళ్లకి ఆ కథ నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మృదంగం దగ్గరికి వద్దాం. బాలకృష్ణన్‌తో పాటు మొదటి నుంచీ ఉన్న డారోల్ ఆంగర్ పల్లెపాటల ఫిడేలు వైపు నుంచి వచ్చినవాడు. అక్కడ బ్లూగ్రాస్ అనే బాణీలో బిల్ మన్రో మాండలిన్‌ని తాళానికి ఎదురుదెబ్బగా చక్, చక్ అని కొట్టేవాడు. 1960ల్లో మన్రో దగ్గర ఫిడేలు వాయించిన రిచర్డ్ గ్రీన్ ఆ చక్‌ను కమానుతో రాబట్టాడు. దానికి పెట్టిన పేరు చాప్. గ్రీన్ నుంచి ఆంగర్ దాన్ని అందుకుని, ఎంతో పెంచి, క్వార్టెట్‌లోకి తెచ్చాడు.

ఎలాగో చూపిస్తాను, మైకు కొంచెం దగ్గరగా పెట్టండి. కమానుని అడ్డంగా లాగితే స్వరం వస్తుంది, ఇది మామూలు. ఇప్పుడు చేత్తో పట్టుకునే కొస దగ్గరి వెంట్రుకల్ని తీగ మీద నిట్టనిలువుగా పడేసి అక్కడే ఆపేస్తున్నాను. చక్. స్వరం లేదు, దెబ్బ ఒక్కటే. వెంట్రుకలకి పట్టిన గుగ్గిలం తీగని కరిచి పట్టుకుంటుంది. పైకి లేపేటప్పుడు ఇంకో చిన్న చప్పుడు. చిక్. ఈ రెండిటి మధ్య అసలు స్వరం ఒకటి దూర్చితే... విన్నారుగా? ఇది ‘త’, అది ‘క’, మధ్యలోది ‘ధిం’.

ఇదే చప్పుడికి చిన్నప్పుడు నా వేళ్ల మీద దెబ్బలు పడ్డాయి. కమాను కొస దగ్గర గీరుకుంటే మేష్టారు “కొబ్బరి కోరుతున్నావురా?” అనేవారు. ఆ కొబ్బరికోరు చప్పుడికే వాళ్లు లయ నేర్పారు. చెల్లో వాయించే మార్క్ సమ్మర్ ఇంకో మెట్టెక్కాడు. కమాను పక్కన పెట్టి, వేళ్లతో తీగలు మీటుతూ బేస్ నడక నడిపిస్తాడు, అరచేత్తో చెక్క మీద తడతాడు. ముప్పై ఏళ్లు ఆ బృందాన్ని కింద నుంచి మోసినవాడాయన.

ఇక్కడ నాకు నచ్చినది చెబుతాను. ఒక ఫిడేలు కల్పించి వాయిస్తుంటే రెండోది చాప్ కొడుతుంది. కాసేపటికి పాత్రలు మారతాయి. ఇందాక పాడినవాడు ఇప్పుడు మృదంగం, మృదంగం కొట్టినవాడు గాయకుడు. వేదిక మీద శాశ్వత పక్కవాద్యం అంటూ ఎవరూ లేరు. నలభై ఏళ్లు పక్కవాద్యం వాయించి, కచేరీ బోర్డు మీద పేరు చిన్న అక్షరాల్లో చూసుకున్న మేష్టారికి ఇది నేను వివరించలేదు. విని ఆయనే గ్రహించారు.

ఎంతసేపూ పొగడ్తే అనుకోకండి. వాళ్ల రికార్డుల్లో కొన్ని మరీ నున్నగా ఉంటాయి, చెమట కనపడదు. అవార్డులిచ్చేవాళ్లకి కూడా వీళ్లని ఏ గదిలో పెట్టాలో తెలియక ‘క్లాసికల్ క్రాసోవర్’ అనే వసారాలో కూర్చోబెట్టారు. 2006లో, 2008లో వచ్చిన రెండు గ్రామీలూ ఆ వసారాలోవే.

ఆ రెండో గ్రామీ తెచ్చిన ఆల్బం గురించి చెప్పి ముగిస్తాను. జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 1964 డిసెంబరులో న్యూజెర్సీలో రికార్డు చేసిన ‘ఎ లవ్ సుప్రీమ్’ నాలుగు భాగాల రచన. శాక్సఫోన్, పియానో, బేస్, డ్రమ్ములు. దేవుడికి అర్పించుకున్నది. దాని నాలుగో భాగంలో కోల్ట్రేన్ చేసిన పని విచిత్రం. తనే రాసుకున్న ప్రార్థన ఒకటుంది. దాన్ని పైకి చదవడు. ఒక్కో మాటకు తగ్గ స్వరాన్ని శాక్సఫోన్‌లో పలికిస్తూ పోతాడు. కింద తాళం ఉండదు, డ్రమ్ములు ఉరుముతూ ఉంటాయి. ఈ మొత్తాన్నీ టర్టిల్ ఐలాండ్ 2007లో నాలుగు తంత్రుల మీదికి దించింది.

సీడీ తీసుకుని మేష్టారి దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆయనకి చూపు బాగా తగ్గింది, కమాను పట్టడం మానేశారు. ప్రార్థన సంగతి కావాలనే చెప్పలేదు. మొదటి మూడు భాగాలకీ మామూలుగానే తొడ మీద తాళం వేశారు. నాలుగోది మొదలయ్యాక చెయ్యి ఆగింది. కాసేపటికి కుడిచెయ్యి గాల్లో కమాను లాగినట్టు కదలడం మొదలైంది. కృతిలో మాట విరిగే చోట మనం కమాను మార్చమూ, అలాగ.

అయిపోయాక నా వైపు తిరిగి, “సాహిత్యం రాసిస్తావా నాన్నా?” అన్నారు.