ఆటలో మన ఎదుట కూర్చున్నదెవరు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వీడియో గేముల్లో కృత్రిమ మేధను ఎంతవరకు వాడవచ్చును, ఎక్కడ ఆపాలి అన్నది నాకిచ్చిన విషయం. కార్యదర్శిగారు ఈ మాట చదవగానే వెనక వరుసలో కొందరు నవ్వారు. డి.ఏ. బకాయిలు వదిలి పిల్లల ఆటల గొడవ మనకెందుకని వారి భావం కావచ్చును. బకాయిల సంగతి సాయంత్రం ఎలాగూ వస్తుంది. కాని మన ఇళ్ళల్లో పెన్షను పడినట్లు మెసేజి వచ్చే ఫోనూ, మనవడు ఆటలాడే ఫోనూ చాలాచోట్ల ఒక్కటే. అందుచేత ఇది మన విషయమే.

కృత్రిమ మేధ అనగానే బెదరనక్కరలేదు. పూర్వం మనం బతికే ఉన్నామని అధికారి ఎదుట సంతకం పెట్టి రుజువు చేసుకునేవాళ్ళం. 2021 నవంబరు నుండి కేంద్ర పెన్షనర్లు ఫోనులో ముఖం చూపితే చాలు, జీవన్ ప్రమాణ్ అయిపోతున్నది. ఆ ముఖం మనదేనని పోల్చేది ఈ మేధే. అక్కడ యంత్రం మనల్ని చూస్తున్నదని మనకు తెలుసు. అది అడుగుతుంది, మనం చూపుతాం. తెలియకుండా చూసేచోటనే వస్తుంది చిక్కు.

మన అలవాటైన ఆటతోనే మొదలుపెడతాను. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన పేకాట కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక అందులో నేర్పు ప్రధానమని కోర్టువారు చెప్పారు. తరువాత 1974లో మన రాష్ట్రానికి గేమింగ్ చట్టం వచ్చినా, నేర్పు ఆటల మాట వచ్చినప్పుడల్లా ఆ తీర్పునే చూపేవారు.

నాకు తోచిన సందేహం ఏమంటే, ఆ తీర్పు నాటి బల్ల చుట్టూ మనుషులు కూర్చున్నారు. ముక్కలు కలిపేది మనిషి, ఎదుటివాడూ మనిషే. ఫోనులో ముక్కలు కలిపేది ప్రోగ్రాము. ఎదుటి పేరు వెనుక ఉన్నది నెల్లూరు ఆసామో, కంపెనీ పెట్టిన బాటో ఆడేవాడికి కనబడదు. బాటు అంటే మనిషిలా ఆడే ప్రోగ్రాము. తమిళనాడు ఆన్‌లైన్ ఆటల చట్టం మీద మద్రాసు హైకోర్టులో జరిగిన వాదనల్లో ఈ బాట్ల సంగతి కూడా వచ్చింది. అనుమానం ఒకటి, రుజువు మరొకటి. నిజమే. కాని రుజువు కావలసిన లెక్కంతా కంపెనీ కంప్యూటరులోనే ఉంటే ఆడేవాడు ఎక్కడ నుండి తెస్తాడు?

మన భద్రాచలం వారికి ఇందులో ఒక వింత అనుభవం. తెలంగాణ ప్రభుత్వం 2017 జూనులో ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ ఆ పని 2020 సెప్టెంబరులో చేసింది. ఎటపాక, పురుషోత్తపట్నం 2014లోనే ఆంధ్రలో కలిశాయి గదా! అంటే మూడేళ్ళకు పైగా, మన ఊరి చివర దాకా నేరమైన ఆట, ఆ గీత దాటి నాలుగడుగులు వేస్తే నేరం కాదు. ఆడేవాడు అడవి దారిలో ఏ వైపు నిలబడ్డాడో ఫోను చెబితే తప్ప తెలియదు. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మంలో కలిసినప్పుడు కూడా ఇంత తమాషా జరిగి ఉండదు.

2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, నేర్పు ఆటైనా అదృష్టపు ఆటైనా డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. ఆడించేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు. ఇది మంచి పనేనని నా అభిప్రాయం. అయితే పందెం లేని ఆటల్లోనూ డబ్బు పోయే దారులున్నాయి. రంగు చొక్కాలు, తుపాకులు, పెట్టెలు కొనిపిస్తారు.

అమెరికాలో యాక్టివిజన్ అనే కంపెనీకి 2017లో ఒక పేటెంటు దక్కింది. కొత్తగా ఆడేవాడిని, కొనుక్కున్న మంచి ఆయుధమున్న ఆరితేరినవాడితో జతకట్టి, ఓడినవాడికి అదే కొనాలనిపించేటట్లు చేసే పద్ధతి అది. ఏ ఆటలోనూ వాడలేదని కంపెనీ చెప్పింది. వాడకపోవచ్చు. ఆలోచన మాత్రం కాగితం మీద ఉన్నది. ఫోర్ట్‌నైట్ అనే ఆట తయారుచేసిన ఎపిక్ కంపెనీ మీద 2022 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ కమీషను 52 కోట్ల డాలర్లు రాబట్టింది. పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించినందుకు కొంత, పొరపాటున నొక్కితే డబ్బు పోయేటట్లు బొత్తాలు పెట్టినందుకు కొంత. ఆ బొత్తాం ఎక్కడ ఉండాలో అక్కడ మనిషి ఆలోచించాడు. ఇక మీదట యంత్రమే ఒక్కొక్క పిల్లవాడు ఎప్పుడు విసుగుపడతాడో, ఎప్పుడు మెత్తబడతాడో చూసి, వాడికి తగిన బొత్తాం వాడికి పెట్టగలదు. నాకు భయం అక్కడే.

మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల నడవడిని వెంటాడి గమనించరాదన్నది. రూల్సు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన వాటి అమలుకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. గడువులు ఎలా సాగుతాయో ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఒకరు చెప్పాలా!

యంత్రాన్నే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1997 మేలో డీప్ బ్లూ కాస్పరోవ్‌ను ఓడించింది. చదరంగం చచ్చిపోతుందన్నారు. చావలేదు సరిగదా, మన హనుమకొండ కుర్రవాడు ఎరిగైసి అర్జున్ తరంవారు యంత్రంతోనే సాధన చేసి పైకి వచ్చారు. ఎదుట ఉన్నది యంత్రమని వారికి తెలుసు. అదే యంత్రాన్ని పోటీలో చాటుగా చూసుకుంటే దాన్ని మోసమంటారు. యంత్రం ఒకటే, తెలియజేయడంలోనే ఉన్నది తేడా.

గొంతు విషయం కూడా చెప్పి ముగిస్తాను. ఆటల్లో పాత్రలకు గొంతిచ్చే అమెరికా నటులు 2024 జూలై నుండి దాదాపు ఏడాది సమ్మె చేశారు. మా గొంతును యంత్రానికి నేర్పాలంటే మమ్మల్ని అడగాలి, డబ్బివ్వాలి అన్నారు. సాధించుకున్నారు కూడా. మన చర్ల, దుమ్ముగూడెం కోయ పిల్లలకు వారి భాషలో మాట్లాడే ఆట వస్తే నాకు సంతోషమే. గిరిజన భాషల అనువాదానికి కేంద్రం 2025లో తెచ్చిన ఆది వాణిలో గోండీకి చోటిచ్చారు, మొదటి జాబితాలో కోయ లేదు. రేపు ఎవరైనా గూడేనికి వచ్చి ముసలమ్మ చేత పాట పాడించి ఫోనులో ఎక్కించుకుపోతే, ఆమెకు చెప్పి, ఒప్పించి, ఇవ్వవలసింది ఇచ్చి తీసుకుపోవాలి. సంతకం రాదు గదా అని వేలిముద్ర వేయించి పనికానిచ్చే పద్ధతి ఈ ఏజెన్సీలో చాలా చూశాం.

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐ.టి. మంత్రిత్వశాఖకు పంపడానికి మహజరు తయారైంది. ఆటలో ఎదుట ఉన్నది బాటు అయితే పేరు పక్కనే తెలుగులో ఆ మాట రాయాలనీ, పిల్లల ఆట తీరును బట్టి కొనిపించే ఏర్పాటు ఉండరాదనీ, ఫిర్యాదు చేస్తే పేరూ హోదా ఉన్న మనిషి జవాబివ్వాలనీ అడిగాం. నోట్‌ఫైలు మీద ఎవరి ఇనిషియలూ లేకుండా డబ్బు కదిలిన ఆఫీసును నేనెరుగను. కాగితం కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నది. సంతకాలు భోజనాలకు ముందే పెట్టండి, తరువాతైతే మణుగూరు బస్సుకు సగంమంది లేచిపోతారు.