కొత్త విత్తనము పుట్టిన చేను



మేము గ్రామాలకు వచ్చినపుడు, "ఈ కొత్త రకాన్ని ఎక్కడ తయారుచేశారండీ?" అని మీరు అడుగుతుంటారు. విత్తనం అద్దాల గదులలోనే పుడుతుందని కొందరి అభిప్రాయము. నిజానికి మంచి రకాన్ని తయారుచేసే పనిలో పెద్ద భాగం చేలోనే జరుగును. అట్టి చేలో రోజు ఎట్లు గడుచునో తెలిపేందుకు మెక్సికో దేశపు గోధుమ క్షేత్రము సంగతి చెబుతాను.

ఆ దేశపు వాయవ్య భాగాన, సోనోరా రాష్ట్రంలో యాకీ నదీ లోయ ఉన్నది. అక్కడ కాలువ నీటి క్రింద గోధుమ పండుతుంది. 1939 నుండి 1941 వరకు కాండపు త్రుప్పు తెగులు అక్కడి రైతులను నిలువునా ముంచింది. అమెరికాలోని ఐయోవా రైతు బిడ్డ, మొక్కల తెగుళ్ళు చదివిన నార్మన్ బోర్లాగ్ గారు 1944లో మెక్సికోకు వచ్చి, 1945లో ఆ లోయకు చేరారు.

అక్కడ ఉన్నది పాడుబడిన పాత పరిశోధనా క్షేత్రము. కిటికీలకు అద్దాలు లేవు, కరెంటు లేదు, ఎలుకలు మాత్రం కావలసినన్ని. నేలమీద పడక. ఆరుబయట పొయ్యి రాజేసి వంట. తిండికి డబ్బాలలో నిలవ ఉంచిన పదార్థాలు. దున్నుటకు ట్రాక్టరు లేదు, ఎద్దులూ లేవు. ఆయన నాగలి మోకును తన భుజానికే కట్టుకొని లాగారు. అది చూచిన పొరుగు రైతు తన ట్రాక్టరును ఎరువిచ్చాడు.

పూత వేళకు అసలు పని మొదలవును. వరివలెనే గోధుమలోను ఆడ, మగ భాగాలు ఒకే పూవులో ఉంటాయి. చిన్న పీటపై కూర్చుండి, సన్నని పట్టకారుతో ఒక్కొక్క పూవులోని మూడేసి కేసరాలను పుప్పొడి రాలకముందే తీసివేయాలి. వెన్నుకు కాగితపు సంచి తొడగాలి. కొద్ది రోజులకు వేరొక రకపు పుప్పొడి అద్ది, మరల సంచి తొడిగి, చీటీ కట్టాలి. ఇట్లు వేల వెన్నులు. తరువాతి తరాలలో వరుస వరుసా నడచి, త్రుప్పు పట్టిన వాటిని తీసివేయాలి. ఎండలో నడుము వంచి చేసే ఈ పనికి అడ్డదారి లేదు.

మామూలుగా ఏడాదికి ఒక్క పంటే. అట్లయితే ఒక రకము రైతుకు చేరేసరికి పదేళ్ళు దాటును. కావున యాకీలో నవంబరులో విత్తి వేసవి మొదట కోసిన గింజను, వెంటనే వేయి కిలోమీటర్లకు పైగా దూరాన, 2600 మీటర్ల ఎత్తున ఉన్న తొలూకాకు చేర్చి విత్తారు. కోసిన గింజకు విశ్రాంతి లేనిదే మొలవదని అప్పటి శాస్త్రజ్ఞులలో పలువురి నమ్మకము. గింజ మొలిచింది. కాలము సగమైంది. రెండు చోట్లా పగటి నిడివి వేరు, తెగుళ్ళు వేరు. రెంటికీ తట్టుకొన్న మొక్కలే మిగిలాయి. మన పాత సార్వా వరి రకాలు కొన్ని దాళ్వాలో సకాలానికి పూతకు రావని మీకు తెలుసు. ఆ ఇబ్బంది లేని గోధుమ అట్లు లభించింది.

1956 నాటికి మెక్సికోకు తన గోధుమ తనకు చాలింది. తరువాత పొట్టి రకాలు వచ్చాయి. 1966లో మన దేశం అక్కడినుండి 18,000 టన్నుల విత్తనం తెప్పించింది. 1965లో సుమారు 123 లక్షల టన్నులున్న మన గోధుమ పంట 1970లో 201 లక్షల టన్నులకు పెరిగింది.

దీనినుండి మనము గ్రహించవలసినవి మూడు.

చేనును గట్టుమీదనుండి చూచి రావద్దు. నాలుగు మూలలా, నడుమా దిగి, ఆకు అడుగు భాగం కూడ తిప్పి చూడండి. తెగులు కనబడిన తేదీ పుస్తకంలో వ్రాయండి.

వరి, వేరుశనగ సూటి రకాలలో విత్తనానికి చేలోని మంచి భాగాన్ని ముందే గుర్తించి, కేళీలను పూతనాడే పీకివేయండి. సంకర రకాల గింజను విత్తనానికి ఉంచవద్దు.

ఒక్క పంట చూచి కొత్త రకాన్ని పొలమంతా వేయవద్దు. పాత రకం పక్కనే కొద్ది సెంట్లలో వేసి, రెండు మూడు పంటలు పోల్చండి.

పరిశీలనకు మేమిచ్చిన విత్తనం మీ పొలంలో బాగా పండకపోతే, మొగమాటం లేకుండ ఆ మాటే చెప్పండి. ఎన్ని బస్తాలయితే అన్నే వ్రాయండి. మీరు మర్యాదకు కలిపిన ఒక్క బస్తా వలన, మరుసటి ఏడు మరొక రైతు నష్టపోవచ్చును.